కూర్చున్న మనిషి ప్యాంటు

మా డిజైన్ స్కూల్లో లొరెట్టా జలెస్కి పేరెత్తితే ఇప్పటికీ పెద్దలు గొంతు సవరించుకుంటారు. ప్రతిభ ఉంది గానీ కాస్త మొండిది అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. రెండేళ్ళు ఆవిడా నేనూ ఒకే బల్ల మీద గుడ్డలు కోసుకున్నాం. ఆవిడ మొండితనం ఎంతో, వీళ్ళ పెద్దమనిషితనం ఎంతో నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఫిలడెల్ఫియాలో ఇంకెవరూ లేరు. అందుకే నేనే చెబుతున్నాను. నెమ్మదిగా చెప్పడం నా వల్ల కాదు, ఏమీ అనుకోకండి.

లొరెట్టాది పోర్ట్ రిచ్‌మండ్ పేట, పోలిష్ కుటుంబం. వాళ్ళ నాయనమ్మ మేజోళ్ళ మిల్లులో పనిచేసింది. ఆ మిల్లు మూతబడి, అందులో ఇప్పుడు కాఫీ హోటలూ జిమ్మూ పెట్టారు, అది వేరే ఏడుపు. లొరెట్టా చాలా ఏళ్ళు యూనిఫాంలు కుట్టే కంపెనీలో నమూనాలు గీసింది. నలభై దగ్గర పడుతుండగా ఉద్యోగం మానేసి, ఫ్యాషన్, వస్త్ర డిజైన్‌లో పీజీ చేస్తానని మా స్కూలుకొచ్చింది. క్లాసులో తక్కినవాళ్ళంతా పాతికేళ్ళ లోపు పిల్లలు. చాటుగా ఆవిడను అమ్మగారు అనేవాళ్ళు. నేను బ్యాంకు ఉద్యోగం వదిలేసి వచ్చినదాన్ని, నాకూ ముప్పై దాటాయి కనక నన్ను చిన్నమ్మగారు అనేవాళ్ళు. అలా మాకు బల్ల కుదిరింది.

మా స్నేహం మొదలైంది మాత్రం తిట్లతో. మొదటి వారంలోనే కాఫీ పొడి పొట్లం విప్పడానికి ఎదురుగా కనిపించిన కత్తెర తీసుకున్నాను. ఆవిడ మిషను దగ్గర్నుంచి ఒక్క ఉదుటున లేచింది.

"వెర్నా, కింద పెట్టు. అది గుడ్డ కత్తెర."

"పొట్లమే కదమ్మా, కొంప మునిగిందా?"

"మా తాత దాంతో పేపరు కోశాడని మా నాయనమ్మ వారం రోజులు ఆయనకు వంట చేసి పెట్టలేదు. నేను నీకు వంటెలాగూ చేయను కాబట్టి, చెయ్యి విరిచేస్తాను."

మా పనిలో ఉన్నవాళ్ళందరికీ ఆ పట్టింపు ఉంటుంది. గుడ్డ కోసే కత్తెర గుడ్డకే. కాగితం కోస్తే మొద్దుబారుతుంది, ప్లాస్టిక్ కోస్తే దాని పని సరి. అయితే లొరెట్టాకది పట్టింపు కాదు, భక్తి. నాయనమ్మ మిల్లు రోజుల నాటి బరువైన ఉక్కు కత్తెర, పిడి మీద నల్లరంగు వేళ్ళు పడినచోటల్లా అరిగిపోయి ఉండేది. సాయంత్రం దానికి నూనె పూసి, ఊలు గుడ్డలో చుట్టి, తనతో ఇంటికి తీసుకెళ్ళేది.

ఇంట్లో తమ్ముడు స్టాష్ ఉండేవాడు. ఇంటికప్పులు వేసేవాడు. ఒక చర్చి కప్పు మీద నుంచి జారిపడ్డాడు. నడుము కింద నుంచి స్పర్శ పోయింది, అప్పట్నుంచీ చక్రాల కుర్చీయే. నోటికి మాత్రం పైనుంచి పడ్డా ఏమీ కాలేదని వాళ్ళక్కే అనేది. లొరెట్టా పీజీకి రావడానికి కారణం అతని ప్యాంటు.

మీరెప్పుడైనా గమనించారో లేదో గానీ, లోకంలో ప్యాంట్లన్నీ నిలబడ్డ మనిషికి కోసినవే. కూర్చోగానే వెనక నడుము కిందికి జారుతుంది, ముందు గుడ్డంతా పొట్ట కింద ముద్దలా చేరుతుంది. మనమైతే లేచి లాక్కుంటాం. పొద్దస్తమానం కూర్చునే ఉండే మనిషి ఏం లాక్కుంటాడు? పైగా వెనక జేబులు, వాటికి రాగి రివెట్లు, పిరుదుల కింద మందపాటి కుట్లు. స్పర్శ లేదు కాబట్టి అవి ఒత్తుకుంటున్నట్టు స్టాష్‌కి తెలియదు. ఒక జీన్స్ ప్యాంటు జేబు కుట్టు వల్ల పుండు పడి, అది ఎముక దాకా పోయి, ఒక చలికాలమంతా ఆసుపత్రిలో బోర్లా పడుకున్నాడు. జేబు కుట్టు వల్ల! ఇంత చదువులు చదివి, ఇన్ని బట్టలు కుట్టి, ఒక్కడికీ ఈ సంగతి తట్టలేదంటే ఏమనాలి చెప్పండి.

లొరెట్టా తన చివరి ఏడాది పనికి దాన్నే తీసుకుంది. కూర్చున్నవాళ్ళకి బట్టలు. మగ్గం మీద తనే గుడ్డ నేసింది. ఒకే గుడ్డలో తొడల మీదికి వచ్చే చోట ఊలుతో ఒత్తుగా, ఎందుకంటే స్టాష్ కాళ్ళు ఎప్పుడూ చల్లగా ఉంటాయి, కింద కూర్చునే చోట పట్టులా నున్నగా, ఎక్కడా అతుకు లేకుండా. ముందు వైపు నడుము ఎత్తు బాగా తగ్గించి, వెనక వైపు పెంచి, మోకాలి దగ్గర వంపు కోతలోనే పెట్టింది. కొలతలకి స్టాష్ మా గదికి వచ్చేవాడు. ఉప్పు ప్రెట్జెల్ బిస్కెట్ల సంచీ ఒళ్ళో పెట్టుకుని అందరికీ పంచేవాడు. మీరందరూ నిలబడి చస్తున్నారు, నాకొక్కడికే కుర్చీ వేశారు, మర్యాద తెలిసిన స్కూలు అనేవాడు. ఆ ప్యాంటు మొదటిసారి వేసుకున్న రోజు మాత్రం సంచీ పక్కన పెట్టేశాడు. నడుము వెనక చెయ్యి పెట్టి తడుముకున్నాడు. చొక్కా లోపలే ఉంది. చాలాసేపు ఆ చెయ్యి అక్కడే ఉంచుకున్నాడు.

ఇక మా విభాగాధిపతి హోల్‌బ్రూక్ గారి సంగతి. మెడకు సిల్కు రుమాలు, మాటల్లో తేనె. వసంతంలో జరిగే ప్రదర్శనలో ఎవరి బట్టలు నడవాలో ఆయనే తేలుస్తాడు. అందులో నడిస్తేనే డిగ్రీ. లేదంటే మరో ఏడాది, మరో కలెక్షన్.

సమీక్ష రోజు బట్టల్ని బొమ్మలకి తొడగడం మా స్కూలు ఆనవాయితీ. బొమ్మలన్నీ నిలబడి ఉంటాయి. కూర్చున్న బొమ్మ మా స్కూల్లోనే కాదు, నేనెక్కడా చూడలేదు. నిలబడ్డ బొమ్మకి లొరెట్టా ప్యాంటు తొడిగితే ఎలా ఉంటుంది? ముందు పొట్ట మీదికి రాదు, వెనక సంచీలా వేలాడుతుంది, మోకాళ్ళు ముందుకు పొడుచుకొస్తాయి. హోల్‌బ్రూక్ గారు చుట్టూ తిరిగి, రెండు వేళ్ళతో వెనక గుడ్డ పట్టుకుని, రెండేళ్ళు చదివాక కూడా ప్యాంటు ఎత్తు కుదరకపోతే ఎలా అన్నాడు. పిల్లలు కిసుక్కున నవ్వారు. లొరెట్టా ప్యాంటు విప్పి, తెర వెనక్కి వెళ్ళి, ఆ రోజు తనతో తీసుకొచ్చిన స్టాష్‌కి తొడిగి, కుర్చీని గది మధ్యకి తోసుకొచ్చింది. ఒక్క ముడత లేదు. నవ్వినవాళ్ళే దగ్గరికొచ్చి వంగి చూశారు.

హోల్‌బ్రూక్ గారు మాత్రం ఏం చేశాడనుకున్నారు? ఎంత గొప్ప కథ, ఎంత గొప్ప కథ అని రెండుసార్లు అని, ఫొటోగ్రాఫర్ని పిలిపించాడు. స్టాష్‌ని కిటికీ పక్కన కూర్చోబెట్టి అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీయించాడు. ఫొటోలు వాడుకోవడానికి అనుమతి కాగితమంటే స్టాష్ చూపించిన చోట సంతకం పెట్టాడు. మేం గెలిచాం అనుకున్నాం. ఆ సాయంత్రం ముగ్గురం వాళ్ళింట్లో పిరోగీలు, అంటే వాళ్ళ పోలిష్ కజ్జికాయలు, వేయించుకు తిన్నాం.

కొన్నాళ్ళకి హోల్‌బ్రూక్ గారు లొరెట్టాని తన గదికి పిలిచాడు. నేను నా రంగుల నమూనాలు చూపించడానికి అక్కడే ఉన్నాను కనక అంతా నా చెవులతో విన్నాను.

"లొరెట్టా, ప్రదర్శనలో మీ బట్టలు ఉండాలనే నా కోరిక. కాకపోతే వేదిక మీద మోడళ్ళు నడుస్తారు. ముందు ఎత్తు పెంచి, వెనక సరిచేసి, నిలబడ్డవాళ్ళకి సరిపోయేలా మళ్ళీ కోయండి."

"అప్పుడవి వేరే ప్యాంట్లవుతాయి."

"మీ తమ్ముడి కథ అలాగే ఉంటుంది కదా. అది చెబుదాం. మన స్కూలుకి డబ్బిచ్చే దాతలకి అది చాలా నచ్చింది."

"కుర్చీల్లో ఉన్న మోడళ్ళని నేనే తెచ్చుకుంటాను. వాళ్ళ ఖర్చు మీకు లేదు."

"వేదికకి మెట్లున్నాయి. పైగా ఒకేసారి అన్ని కుర్చీలంటే చూసేవాళ్ళకి కొంచెం భారంగా ఉంటుంది. అర్థం చేసుకోండి."

భారమట. నేను రెండు మాటలు అందామని నోరు తెరవబోతే లొరెట్టా బల్ల కింద నా కాలు తొక్కింది. ఆలోచించుకుంటానని లేచి వచ్చేసింది.

ఇంటికెళ్ళి చెబితే స్టాష్ కోసేయమన్నాడు. డిగ్రీ చేతికొచ్చాక నాకు ఎన్ని కావాలంటే అన్ని కుట్టిపెడుదువు గానీ, నా ముడ్డి కోసం నీ చదువు పోగొట్టుకుంటావా అన్నాడట. ఆవిడ మర్నాడు పొద్దున్నే వచ్చి, మొదటి ప్యాంటు బల్ల మీద పరిచి, కుట్లు విప్పి, సుద్దతో కొత్త గీత గీసింది. నేను ఎదురుగా కూర్చుని చూస్తున్నాను. గీత సరిగ్గా ఆ ఊలు నేత మధ్యలోంచి పోయింది. కత్తెర తెరిచింది. గుడ్డ మీదికి ఆన్చింది. మళ్ళీ కత్తెర మూసి, బ్రష్షుతో సుద్ద గీత దులిపేసి, విప్పిన కుట్లు తిరిగి వేయడానికి సూది తీసుకుంది. నా కత్తెర తప్పుగా కోయదు వెర్నా అంది. అంతే. వెళ్ళి హోల్‌బ్రూక్ గారికి కుదరదని చెప్పేసింది. అయితే వచ్చే ఏడాది చూద్దామన్నాడు ఆయన, అదే తేనె గొంతుతో.

ప్రదర్శన రోజు మధ్యాహ్నం తన బట్టలు లేకపోయినా లొరెట్టా వచ్చింది. ఆ రోజు ఎవరి పనికైనా అందరూ సూది పట్టుకోవడం మాలో మామూలు. నా మోడళ్ళ అంచులు కుడుతూ తెర వెనక కూర్చుంది. స్టాష్‌ని నేనే రమ్మన్నాను. నా బట్టలు చూడ్డానికన్నా వస్తాడని.

నేను అతన్ని లోపలికి తీసుకెళ్ళడానికి గుమ్మం దాకా వచ్చి, అక్కడే కొయ్యబారిపోయాను. హాలు గుమ్మం పక్కన మనిషి ఎత్తు ఫ్లెక్సీ. దాని మీద స్టాష్. కిటికీ వెలుగులో, లొరెట్టా ప్యాంటులో, కుర్చీలో కూర్చుని నవ్వుతున్నాడు. కింద పెద్ద అక్షరాలు, 'ప్రతి మనిషి కోసం మా డిజైన్'. మెట్ల కింద అసలు స్టాష్, అదే ప్యాంటుతో, పైకి రాలేక, మెడ ఎత్తి తన బొమ్మ చూసుకుంటున్నాడు. కాపలావాడు అతన్ని వెనక వైపు చెత్తడబ్బాల పక్కన సరుకు లిఫ్టు ఉంది, అటు వెళ్ళమన్నాడట. వెళితే దానికి తాళం వేసి ఉంది. సిగ్గుండక్కర్లేదా ఈ మనుషులకి?

ఇంతలో హోల్‌బ్రూక్ గారు తగుదునమ్మా అని దాతల్ని వెంటేసుకుని వచ్చాడు. స్టాష్‌ని చూసి మొహం చేటంత చేసుకున్నాడు. నలుగురు కుర్రాళ్ళు కుర్చీతో సహా ఎత్తి తెస్తారు, లోపల మీతో ఒక ఫొటో దిగాలని వీరి కోరిక అన్నాడు.

"లోపల మా అక్క ప్యాంట్లు నడుస్తున్నాయా?" అని అడిగాడు స్టాష్.

"ఈ ఏడాది కుదరలేదు."

"మరి నేనెందుకు?"

హోల్‌బ్రూక్ గారు కుర్రాళ్ళని చేత్తో పిలుస్తుండగా లొరెట్టా బయటికొచ్చింది. చొక్కా కాలరుకి సూదులు, నడుముకి ఏప్రను. ఫ్లెక్సీని పైనుంచి కిందికి చూసింది. తమ్ముణ్ణి చూసింది. ఏప్రను జేబులోంచి ఊలు గుడ్డ తీసి, మడత విప్పి, కత్తెర చేతిలోకి తీసుకుంది. అప్పటికీ నాకు అర్థం కాలేదు. అది ప్లాస్టిక్. ఆ కత్తెరతో ఆవిడ ప్లాస్టిక్ కోస్తుందని కలలో కూడా అనుకోను.

కోసింది. ప్యాంటు నడుము దగ్గర గుచ్చి, తొడల మీదుగా, మోకాలి వంపు తిప్పి, ఎక్కడా తడబడకుండా కోసుకుంటూ పోయింది. ఉక్కు ప్లాస్టిక్‌ని కరకరా నమిలే చప్పుడుకి నా పళ్ళు జివ్వుమన్నాయి. దాతలు ఒక అడుగు వెనక్కి వేశారు.

"ఇదేమిటి లొరెట్టా, ఇది స్కూలు సొత్తు" అన్నాడు హోల్‌బ్రూక్ గారు.

"ప్యాంటు నాది. నాది నేను తీసుకుంటున్నాను."

"అక్కా, మొహం నాది. అది కూడా కొయ్యి" అన్నాడు కింద నుంచి స్టాష్.

మొహం కూడా కోసింది. చొక్కా చేతులతో సహా మనిషిని మొత్తం విడదీసి, చుట్టచుట్టి, మెట్లు దిగి తమ్ముడి ఒళ్ళో పెట్టింది. ఎవరూ ఆపలేదు. ఇద్దరూ వీధి మలుపు తిరిగేదాకా నేను చూస్తూ నిలబడ్డాను, లోపల నా బట్టలు నడిచాయో పడుకున్నాయో నాకు తెలియదు. ఫ్లెక్సీ మార్చే టైము లేక అలాగే వదిలేశారు. వచ్చినవాళ్ళందరూ ఖాళీ కుర్చీ బొమ్మా, కింద 'ప్రతి మనిషి కోసం' అన్న అక్షరాలూ చదువుకుంటూ లోపలికి వెళ్ళారు.

లొరెట్టా మళ్ళీ స్కూలుకి రాలేదు. డిగ్రీ లేదు. పోర్ట్ రిచ్‌మండ్‌లో వాళ్ళింటి ముందుగదిలో చక్రాల కుర్చీల్లో ఉండేవాళ్ళకి ప్యాంట్లు కుడుతుంది, ఆ కుర్చీలు ఎక్కేలా గుమ్మానికి స్టాష్ స్నేహితులు చెక్కతో వాలుబల్ల వేసిపెట్టారు. మొన్న వెళ్ళినప్పుడు కాఫీ పొట్లం విప్పడానికి కత్తెర అడిగాను. ఆవిడ తలెత్తకుండా గోడకున్న మేకు చూపించింది. నాయనమ్మ కత్తెర అక్కడ వేలాడుతోంది, అంచంతా గాట్లు పడి. "దాంతో కోసుకో, ఫర్వాలేదు" అంది. నాకు చెయ్యి రాలేదు. పొట్లం పళ్ళతో చింపుకున్నాను.