కుళ్లాయప్ప మూయని వాల్వు

హేమావతి సొంతూరు యాడికి. అనంతపురంలో ఎంసీఏ చదివి, అదే టౌన్లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో తొమ్మిదేళ్లుగా పనిచేస్తోంది. నలభై పల్లెలకు తాగునీళ్లిచ్చే పథకంలో మోటార్లనూ వాల్వులనూ నడిపే ప్రోగ్రాములు ఆ కంపెనీవే. ఎప్పుడు ఏది తెరుచుకుంది, ఏది మూసుకుంది, ఎవరు మూశారు అన్నదంతా ఒక ఫైల్లో లైను లైనుగా పడుతుంది. దాన్ని వాళ్లు లాగ్ అంటారు. ఆ లాగ్ చదివి రోజూ పథకం ఇంజినీరుకు రిపోర్టు తయారుచేసే ప్రోగ్రాము హేమావతి రాసిందే.

మే నెలలో ఒక పొద్దున ఆఫీసు మెట్ల మీద ఒకాయన కూర్చుని ఉన్నాడు. యాభై ఏళ్లుంటాయి. చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం.

"నా పేరు కుళ్లాయప్ప, మేడమ్. రాప్తాడు అవతల మా పల్లె. పన్నెండేండ్లుగా నీళ్ల వాల్వులు తిప్పేది నేనే. ఇప్పుడు పనిలోనుంచి తీసేసినారు."

కాగితం ఆమె రిపోర్టే. ఏప్రిల్ పంతొమ్మిది, ఉదయం ఆరూ పది, మూడో వాల్వు మూత, చేసింది: కుళ్లాయప్ప. ఆ వాల్వు మూతపడి పై వీధికి మూడు రోజులు నీళ్లు పోలేదు. నలభై మూడు డిగ్రీల ఎండలో ఆడవాళ్లు రెండు కిలోమీటర్ల దూరంలోని తోట బోరు దగ్గరికి బిందెలు మోశారు. పై వీధి వాళ్లతో పాత కక్ష పెట్టుకుని కావాలనే మూశాడన్నారు.

"ఆ పొద్దు నేను ఊర్లోనే లేను తల్లీ. మాయమ్మ బయమ్మకు ఊపిరాడలేదని తెల్లారే బస్సెక్కించి ఈడికే, పెద్దాసుపత్రికి తోడుకోని వచ్చినా. బస్సులోనుంచే ఫోన్లో సెలవు గూడా నొక్కినా. సెలవే పెట్టలేదంటాండారు. నేను మూసిందేమో మీ కంప్యూటర్లో ఉండాదంట, పెట్టిన సెలవు లేదంట. ఇదేం న్యాయమప్పా?"

మేనేజరు ప్రతాప్ కాగితాన్ని చూడనైనా చూడలేదు. "కంప్యూటర్ ఎవరి పక్షమూ తీసుకోదు పెద్దాయనా. వెళ్లి ఇంజినీరుతో చెప్పుకోండి" అని లోపలికి వెళ్లిపోయాడు.

హేమావతికి ఒళ్లు మండింది. ఆస్పత్రి చీటీ ఆయన జేబులోంచి తొంగిచూస్తూనే ఉంది. దాన్ని చూపించమని ఇన్నాళ్లలో ఒక్కరూ అడగలేదు. ఆమె రిపోర్టును పక్కనపెట్టి అసలు లాగ్ ఫైలు తెరిచింది. ఆరూ పది దగ్గర ఆగింది. అక్కడున్న లైను ఇది:

"06:10:04 వాల్వు-3 మూత, చేసింది: 06:10:04 సెలవు, చేసింది: కుళ్లాయప్ప"

దాని కింద, టైమూ పేరూ లేకుండా, ఒంటరిగా ఒక్క మాట: "ఆటోమేటిక్".

ఏం జరిగిందో అర్థం కావడానికి ఆమెకు నిమిషం పట్టలేదు. వాల్వులను చూసేది ఒక ప్రోగ్రాము, ఆపరేటర్ల ఫోన్ల నుంచి వచ్చేవి అందుకునేది ఇంకొకటి. మొత్తం నాలుగు ప్రోగ్రాములు, నాలుగూ ఒకే ఫైల్లో రాస్తాయి. ఒక్కో లైనును రెండు ముక్కలుగా రాస్తాయి. వాల్వు ప్రోగ్రాము సగం లైను రాసి రెండో సగం రాసేలోపు, కుళ్లాయప్ప బస్సులోంచి నొక్కిన సెలవు మధ్యలో దూరింది. సెన్సారు పాడై, ట్యాంకు నిండకముందే నిండిందని చెబితే, వాల్వును కంప్యూటరే మూసేసింది. మూసినవాళ్ల పేరు ఉండాల్సిన చోటికి రావాల్సిన ఆటోమేటిక్ అన్న మాట కింది లైనులోకి జారిపోయింది.

ఇంతవరకూ ఎవరి తప్పైనా కావచ్చు. తర్వాతది హేమావతిది. లైనులో మొదటి పనినీ చివరి పేరునూ తీసుకోమని ఆమే రాసింది. టైము లేని లైను కనిపిస్తే చెత్త అనుకుని వదిలేయమనీ ఆమే రాసింది. రిపోర్టు శుభ్రంగా కనబడాలని.

"అన్నా, నువ్వు మూయలేదు. నువ్వు పెట్టిన సెలవు ఈడే ఉంది, చూడు. దాన్ని నీ మీద నేరంగా మార్చింది నేను రాసిన ప్రోగ్రామే" అంది. ఆయన తెర వైపు చూశాడు. కాగితాన్ని మళ్లీ నాలుగు మడతలు పెట్టుకున్నాడు.

ప్రతాప్ దగ్గరికి వెళ్లింది. "రెండేళ్ల కిందటే మీకు మెయిలు పెట్టినా సార్. నాలుగూ ఒకే ఫైల్లో రాస్తే లైన్లు కలిసిపోతాయి, సరిచేద్దామంటే మీరేమన్నారు?"

"ఇప్పుడు దాన్నెందుకు తవ్వుతావు? ఎక్కడో ఒక లైను."

ఆమె వాదించలేదు. ఇంజినీరు ఆఫీసుకు వచ్చిన రోజు ఆయన ముందే నాలుగు ప్రోగ్రాములతో తలా పదివేల లైన్లు రాయించింది. మూడు వందల పన్నెండు లైన్లు ఒకదాంట్లో ఒకటి దూరి పడ్డాయి. ఇంజినీరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

సరిచేయడానికి పట్టింది రెండే రోజులు. ఇప్పుడు ఏ ప్రోగ్రామూ ఫైలును ముట్టుకోదు. ప్రతిదీ తన లైనును పూర్తిగా రాసుకుని వరసలో పెడుతుంది. ఆ వరసలోంచి ఒక్కొక్కటే తీసి, నంబరు వేసి ఫైల్లో రాయడానికి వేరే ప్రోగ్రాము ఒకటే ఉంది. విరిగిన లైను ఎదురైతే రిపోర్టు దాన్ని దాచకుండా ఎర్రగా చూపిస్తుంది. రెండు రోజుల పని! దాన్ని రెండేళ్లు వాయిదా వేసి ఒక మనిషి పరువు తీశారు.

కుళ్లాయప్పను మళ్లీ పనిలోకి తీసుకున్నారు. ఉత్తరంలో "సాంకేతిక కారణాల వల్ల" అని ఉంది. ఆయన తప్పు లేదన్న మాట ఎక్కడా లేదు. అది చదివి హేమావతి బస్సెక్కి పల్లెకు పోయింది. పై వీధి కొళాయి దగ్గర నిలబడి, జరిగింది జరిగినట్టు చెప్పింది, తన తప్పుతో సహా.

ఏప్రిల్లో కుళ్లాయప్ప ఇంటి ముందు బిందె విసిరికొట్టిన ఓబులమ్మ ముందుకొచ్చింది. "తప్పు నీదైతే ఇన్నాళ్లు యాడ పోయినావు? ఆయప్పను మేము అనరాని మాటలన్నీ అంటిమే! ఆ మాటలు ఇప్పుడు నువ్వు ఎనక్కి తీస్తావా?"

ఓబులమ్మ జవాబు కోసం ఆగకుండా కుళ్లాయప్ప ఇంటివైపు నడిచింది.

ఆఫీసుకు తిరిగొచ్చి హేమావతి రెండేళ్ల పాత లాగులన్నీ తిరగేసింది. విరిగిన లైన్ల వల్ల ఇంకా ఏడుగురు ఆపరేటర్ల మీద లేని తప్పులు పడ్డాయి. సోమందేపల్లె వైపు తిప్పేస్వామి అనే ఆయన ఆ అవమానం భరించలేక పని మానేసి బెంగళూరులో వాచ్‌మన్‌గా చేరాడు.

"ఆ జాబితా బయటికి పోతే మన కాంట్రాక్టు పోతుంది" అన్నాడు ప్రతాప్.

"పోనీండి" అని, ఆయన ఎదురుగానే దాన్ని ఇంజినీరుకు పంపింది.

ఐదుగురికి తప్పు లేదని రాతపూర్వకంగా ఉత్తరాలొచ్చాయి, కుళ్లాయప్పకు కూడా కొత్తది వచ్చింది. ఒకాయన ఫైలు ఇంకా కదల్లేదు. తిప్పేస్వామి నంబరుకు హేమావతి తానే ఫోన్ చేసింది. అంతా విని ఆయన, "ఇప్పుడు చెప్తాండావా మేడమ్" అని మాత్రం అన్నాడు. ఫోన్ పెట్టేయలేదు. ఆయన ఉత్తరం ఏ చిరునామాకు పంపాలో హేమావతి అడిగింది.