మా ఆయన నోరు మూసుకున్న రోజు

మా ఆయనకి ఒక జబ్బుంది. ఏం జరిగినా దానికి నాటకశాస్త్రంలో ఉన్న పేరు తగిలించేస్తారు. కాలేజీలో పాత నాటకాలు చెబుతారు లెండి. ఇంట్లో పాలు పొంగి నేను పరుగెత్తుతుంటే, గుమ్మంలో నిలబడి "పతాక సన్నివేశం!" అంటారు. స్టవ్ మాత్రం ఆపరు.

నేను అదే కాలేజీలో లైబ్రేరియన్ని, కాబట్టి నా పరువు రెండు చోట్లా పోతుంది. ఈ మధ్య మరీ ముదిరింది. కాంటీన్‌లో గోడకేసి తిరిగి, "అయ్యో, ఈ టీ తాగి బతికి బట్టకడతానా!" అని గట్టిగా అని, ఇటు తిరిగి, "ఇది స్వగతం. ప్రేక్షకులకి వినిపిస్తుంది, పక్క పాత్రకి వినిపించదు" అన్నారు. పక్కన ఉన్నది టీ మాస్టరు. ఆయనకి శుభ్రంగా వినిపించింది.

మా వీధి టైలర్ గారమ్మాయికి మా ఆయన చెప్పే ఆ సబ్జెక్టు రెండుసార్లు పోయింది. రాతలో గట్టెక్కేది, నోటి పరీక్షలో బిగుసుకుపోయేది. ఈసారీ పోతే సీటు రద్దు. పరీక్ష మా రీడింగ్ రూములోనే పెట్టారు. బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్, సబ్జెక్టు మాష్టారుగా అక్కడ ఉండాల్సిన మా ఆయన్ని ఎగాదిగా చూశాడు.

"మీ గురించి విన్నాను మాష్టారూ. మీరు ఒక్క ముక్క మాట్లాడినా అమ్మాయికి సున్నా."

నిద్రలో కూడా పేర్లు పెట్టే మనిషాయె!

"విషాదనాటకంలో నాయకుడి లోపం అంటే?"

అమ్మాయి బిక్కమొహం వేసింది. ఎగ్జామినర్ వెనక నిలబడ్డ మా ఆయనకి మెడనరాలు ఉబ్బాయి. అయిపోయింది, కొంప మునిగింది అనుకున్నాను. ఆయన గబుక్కున జేబులోంచి రుమాలు తీసి, మొత్తం నోట్లో కుక్కేసుకున్నారు. అమ్మాయీ చూసింది.

"చెప్పమ్మా, టైమవుతోంది."

"మా సార్ లాగండీ... చాలా మంచివారు. కానీ నోరు ఆగదు. ఆ ఒక్కటే ఆయన కొంప ముంచుతుంది."

ఎగ్జామినర్ పెన్ను ఆగింది. "నాటకీయ వ్యంగ్యం?"

"ఇప్పుడిక్కడ జరుగుతున్నదేనండీ. చూసేవాళ్ళకి తెలుసు, పాత్రకే తెలీదు. సార్ ఎక్కడ నోరు జారతారోనని మీరు కాపలా కాస్తున్నారు. ఆయన నోట్లో రుమాలుందని నాకూ మేడంకీ తెలుసు."

ఎగ్జామినర్ వెనక్కి తిరిగి చూసి, నవ్వాపుకోలేక పొలమారి దగ్గాడు. "ఇదంతా ఏ పుస్తకంలో చదివావమ్మా?"

"పుస్తకం తెరిస్తే నాకు వణుకండీ. సార్‌తో చెప్పాను. అప్పట్నుంచి నేను కాంటీన్‌లో ఉంటే అక్కడ, బస్సు కోసం నిలబడితే అక్కడ, అన్నీ చేసి చూపించారు. జనం నవ్వినా మానలేదు."

నాతో ఒక్క ముక్క చెప్పొచ్చుగా ఈ మహానుభావుడు!

ఎగ్జామినర్ మార్కులు వేసి, "పాస్" అన్నాడు. అమ్మాయి ఏడుస్తూ నవ్వింది. మా ఆయన రుమాలు లాగేశారు.

ఇంటికెళ్ళే దారంతా ఆపకుండా వాగారు. ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడల్లా, "మరి దీన్నేమంటారండీ?" అని నేనే అడుగుతూ నడిచాను.