ఎర్రయ్య చీర కట్టిన సాయంత్రం

నీతులు చెప్పే నాటకాలంటే నాకు ఒళ్ళు మంట. చివర్లో అందరూ మారిపోయి దండాలు పెట్టేస్తారు, ఇంటికెళ్ళాక ఎవరి గోల వారిదే. ఈ మాటే ఫోన్‌లో అంటే నా స్నేహితురాలు సుజాతకు కోపం వచ్చింది. భోగాపురం దగ్గర ఓ మత్స్యకారుల పల్లెలో జనంతో నాటకాలాడిస్తుంది తను. "వచ్చి చూసి మాట్లాడు" అంది. పౌరుషానికి పోయి శనివారం బయలుదేరాను.

విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్సులో పొద్దున్న పదకొండింటికి బస్సెక్కితే గంటలో భోగాపురం. అక్కడి నుంచి తీరానికి షేర్ ఆటో, మనిషికి ముప్పై రూపాయలు. దారంతా జీడితోటలు. డ్రైవర్ అద్దంలో నన్ను చూసి, "నాటకానికేనా అమ్మా? మా ఎర్రయ్య మావ సీర కడతన్నాడు. అది సూడకపోతే ఇంకేటి సూస్తాం?" అన్నాడు.

సంగతేమిటో నూకాలమ్మ ఇంట్లో చేపల పులుసు తింటుండగా సుజాత చెప్పింది. నూకాలమ్మ గంపెత్తుకుని చేపలమ్మే మనిషి. కొడుకు కొత్త పడవ మర్నాడే తొలిసారి సముద్రంలోకి దిగుతోంది. భర్త పోయిన ఆడది వేటకెళ్ళే పడవకు ఎదురు రాకూడదని అక్కడి కట్టుబాటు. పడవలు కదిలేదాకా వలల పాక వెనక నిలబడాలి. అమ్మే కొబ్బరికాయ కొట్టాలని కొడుకు పట్టు. ఆమె మరిది ఎర్రయ్య, ఇంటికి పెద్ద, ససేమిరా అన్నాడు. సుజాత అదే కథను నాటకం చేస్తే, రిహార్సల్‌కొచ్చి ఆపమన్నాడు. ఆ బృందంలో ఒక నియమం ఉంది: కాదన్నవాళ్ళే, ఎవరిని కాదన్నారో వాళ్ళ వేషం కట్టాలి. పదిమందిలో వెనక్కి తగ్గలేక ఒప్పుకున్నాడట.

"మీకు కోపం రాలేదా?" అని నూకాలమ్మను అడిగాను.

"కోపమేటమ్మా, ఆడు నా సేతుల మీద పెరిగినోడు. మా ఆయన పోయిన కాడ్నించీ ఆడికి బయం, నా కొడుక్కేటైనా అవుద్దని. అయినా నా బిడ్డ పడవ నా కళ్ళతో సూడాలనుంది" అంటూ నా కంచంలో ఇంకో ముక్క వేసింది.

నాలుగింటికి ఇసుకలో ఆట మొదలైంది. బుర్రమీసాలతో, వదిన నీలం చీరలో ఎర్రయ్య వచ్చాడు. పిల్లలు నవ్వలేక ఇసుకలో దొర్లారు. నాకూ కళ్ళనీళ్ళొచ్చాయి. ఇంతలో తాటాకు పడవ మోసుకుంటూ నలుగురు వచ్చి, "ఎదురు రాకు, ఎనక్కి పో" అని అతన్ని పాక వెనక్కి తోలేశారు. డప్పులూ పాటా అన్నీ ఇటువైపే. పాట అయ్యేదాకా అతను అక్కడే ఉండాలి. నేను కూర్చున్న మూల నుంచి కనిపిస్తున్నాడు. మొదట నవ్వుతూ తొంగి చూశాడు. కాసేపటికి కొంగు నోట్లో కుక్కుకుని గోడ వైపు తిరిగిపోయాడు. చివరి మాటలు చెప్పాలని సుజాత ఎంత పిలిచినా రాలేదు. ముగింపు లేకుండానే ఆట ఆగిపోయింది.

మర్నాడు పొద్దున్న ఆరింటికి తీరమంతా జనం. నూకాలమ్మ అలవాటు కొద్దీ పాక వెనకే నిలబడింది. ఎర్రయ్య కొబ్బరికాయ పట్టుకుని నేరుగా అక్కడికే వెళ్ళాడు.

"రా ఒదినా. నిన్న పాటయ్యేదాకా ఈడ నిలబడితే ఏడుపొచ్చేసినాది నాకు. ఇన్నాళ్ళూ నాకెందుకు సెప్పలేదు?"

"సెప్తే ఇన్నావేటి?"

అతను ఆమెను పడవ దాకా తీసుకొచ్చి కాయ చేతిలో పెట్టాడు. ఆమె కొట్టిన ఒక్క దెబ్బకు పగిలింది. కొడుకు కేక పెట్టాడు, పడవ కదిలింది.

ఊరంతా మారిపోయిందని చెప్పను. ఇద్దరు ముసలాళ్ళు మొహం తిప్పుకుని వెళ్ళిపోయారు. కానీ ఎర్రయ్యకు ఎవరూ నీతి చెప్పలేదు, వదిన నిలబడే చోట నిలబెట్టారంతే. అలాంటి నాటకమైతే ఎంత దూరమైనా వెళ్తాను. మీరూ వెళ్తే నాటకం రాత్రి పల్లెలోనే ఉండండి, తెల్లారగట్ల ఆటోలు దొరకవు. మార్చుకోవడానికి ఒక జత బట్టలు తప్పక తీసుకెళ్ళండి. పడవ నెట్టేటప్పుడు ఒడ్డున నిలబడి చూస్తామంటే కుదరదు. నన్ను చెయ్యి పట్టుకుని నీళ్ళలోకి లాగింది నూకాలమ్మే.