హాజరుగారి వెనకగది ఆఫీసు

హాజరుగారికి ఒకటే పిచ్చి. అందరూ ఇంట్లో కూర్చుని పనిచేసిన ఆ రెండేళ్ళూ ఆయన మాత్రం రోజూ ఆఫీసుకు వెళ్ళారు. ఆఫీసు వాళ్ళింట్లోనే ఉంది, అదే తమాషా.

పాఠ్యపుస్తకాల సంస్థలో ప్రూఫ్‌రీడింగ్ విభాగానికి ఆయన పెద్ద. తొమ్మిదింటికల్లా ఇస్త్రీ చొక్కా, బూట్లు వేసుకుని, టిఫిన్ డబ్బా పట్టుకుని, "వెళ్ళొస్తానే" అని భార్యతో చెప్పి వీధి గుమ్మంలోంచి బయటపడేవారు. వీధి చుట్టూ తిరిగి, సందులోంచి పెరటి తలుపు తీసుకుని వెనకగదిలోకి చేరేవారు. వాన పడిన రోజున నిలువునా తడిసి మరీ చేరేవారు.

"అన్నయ్యగారు ఉన్నారా?" అనేది పక్కింటావిడ.

"ఆఫీసులో ఉన్నారొదినా."

"మరి ఆ దగ్గు?"

"అదీ ఆఫీసులోదే."

సాయంత్రం ఐదున్నరకు గదికి తాళం వేసి, మళ్ళీ వీధంతా తిరిగి ఇల్లు చేరేవారు. ఓసారి కళ్ళజోడు ఆ గదిలోనే మర్చిపోయారు. "పక్కగదేగా, తెచ్చుకోండి" అంది భార్య. "ఆఫీసు మూసేశారే" అని పేపరు ఆమె చేత చదివించుకున్నారు. ఈ కథలన్నీ ఆవిడే ఫోన్లో చెప్పి, విభాగంలో అందరికన్నా చిన్నదైన ప్రూఫ్‌రీడర్‌ని కడుపుబ్బ నవ్వించేది.

ఆ అమ్మాయికి నవ్వు రానిది ఒక్కటే, తొమ్మిదింబావు ఫోను. విభాగంలో ఐదుగురికీ వరసగా ఫోన్ చేసి, పొడుగాటి రిజిస్టరులో హాజరు వేసేవారాయన. ఆ పేరు అందుకే వచ్చింది.

"వచ్చారా అమ్మా?"

"వచ్చాను సార్" అంది ఆమె మొదటివారంలో, దుప్పట్లోంచి.

"లేదు. మీ గొంతు ఇంకా దారిలోనే ఉంది. చేరాక చెప్పండి."

ఆ దెబ్బతో ఆమె రోజూ తొమ్మిదింటికే మొహం కడుక్కుని కుర్చీలో కూర్చోవడం నేర్చుకుంది. వాళ్ళమ్మ జారిపడి తుంటి విరగ్గొట్టుకున్న తరువాత కూడా ఆ ఫోను ఆగలేదు. ఈ మనిషికి హాజరు తప్ప ఏమీ పట్టదా అని ఒకరోజు ఆమెకు ఒళ్ళు మండింది కూడా.

ఇంతలో ఉత్తర్వు వచ్చింది. సోమవారం నుంచి అందరూ ఆఫీసుకు రావాలి, మినహాయింపులు లేవు. వాళ్ళమ్మ అప్పటికి చెయ్యి పట్టుకుని గుమ్మందాకా నడుస్తోంది. ఇంట్లో మూడో మనిషి లేరు. రెండు రోజులు ఆలోచించి ఆమె రాజీనామా రాసుకుని మేనేజరు గదికి వెళ్ళింది. అక్కడ హాజరుగారు చంకలో రిజిస్టరుతో కూర్చుని ఉన్నారు. ఆఫీసంటే ప్రాణం పెట్టే ఈయన ముందే ఇది జరగాలా అనుకుంది.

"ఇంట్లో ఉన్నవాళ్ళు పనిచేస్తున్నారో, పడుకుంటున్నారో ఎవరు చూశారండీ?" అంటున్నాడు మేనేజరు.

"చూడలేదు సార్, విన్నాను" అని హాజరుగారు రిజిస్టరు తెరిచి పెట్టారు. "ఈ అమ్మాయి రెండేళ్ళలో ఒక్కరోజు ఆలస్యం కాలేదు."

మేనేజరు పేజీలు తిప్పాడు. చివర రిమార్కుల గడి దగ్గర ఆగి పైకే చదివాడు.

"'గొంతు బరువుగా ఉంది. రాత్రంతా ఆసుపత్రిలో ఉన్నారు. ఆమె పేజీలు ఇరవై నేను తీసుకున్నాను.'"

ఆ రోజు పని తక్కువ రావడం తన అదృష్టమని ఆమె అప్పట్లో అనుకుంది.

"'వాళ్ళమ్మగారు ఈ రోజు నాలుగడుగులు వేశారట. చాలా సంతోషం.' ఇది హాజరు పట్టీయా, డైరీయా అండీ?"

హాజరుగారు చెవుల దాకా ఎర్రబడ్డారు. "గడి ఖాళీగా ఉంది కదా అని... ఒంటరిగా ఉన్నవాళ్ళు, ఇబ్బందుల్లో ఉన్నవాళ్ళు. రోజుకోసారి గొంతు వినకపోతే ఎలా తెలుస్తుంది సార్?"

"అంతా బాగుంది. కానీ ఈ అమ్మాయి ఆఫీసుకు రాలేదు కదా!"

"వచ్చారా, లేదా అని గడి ఉంది సార్. ఎక్కడికి అని లేదు."

మేనేజరు ఆపుకోలేక నవ్వేశాడు. వాళ్ళమ్మ సొంతంగా నడిచేదాకా ఇంటినుంచే చేయమని అక్కడికక్కడే రాసిచ్చాడు.

గది బయటికి రాగానే హాజరుగారు ఆమె చేతిలోని కాగితం అందుకుని చదివారు. "మూడో వాక్యంలో కామా లేదు. తప్పులున్న కాగితం మన విభాగం నుంచి బయటికి పోకూడదు" అని మడిచి జేబులో పెట్టేసుకున్నారు.

ఆయన కాళ్ళకు దండం పెట్టాలనిపించింది ఆమెకు. "థాంక్స్ సార్" అని మాత్రం అంది.

సోమవారం తొమ్మిదింటికే ఆమె కుర్చీలో కూర్చుని ఫోను కోసం ఎదురుచూసింది. తొమ్మిదింబావు దాటింది, తొమ్మిదీ ఇరవై అయింది. ఫోనుకు సిగ్నల్ ఉందో లేదో రెండుసార్లు చూసుకుంది. ఇరవై ఐదుకు మోగింది.

"వచ్చారా అమ్మా?"

"ఎప్పుడో వచ్చాను సార్. మీరు?"

అటువైపు బస్సు హారన్ వినిపించింది. హాజరుగారు గొంతు సవరించుకున్నారు.

"దారిలో ఉన్నానమ్మా. అలవాటుకొద్దీ వీధి చుట్టూ తిరిగి వెనకగదిలో కూర్చున్నాను. ఆఫీసు మారిందని మా ఆవిడ వచ్చి చెప్పాల్సి వచ్చింది. మీ పేరు ఎదురుగా టిక్కు పెట్టాను. నా పేరు ఎదురుగా మాత్రం ఆలస్యం అని రాసుకున్నాను."