‘ఈ’ డ్రైవ్

ఒక్క అక్షరం పలికి ఒక మనిషి ముఖం చెరిపేశాను.

విలేకరిగా రిటైరయ్యాక నా పాత కంప్యూటర్ బాగుచేయించడానికి ఆదోనిలో ఖాజా షాపుకు తీసుకెళ్లాను. “పాత ‘ఫ్యాట్’ ఫార్మాట్‌లో పెద్ద ఫైళ్లు పట్టవన్నా, కొత్తది ‘ఎన్‌టీఎఫ్‌ఎస్’ పెడతా. దానికి ముందు ఏ డ్రైవ్ తుడవాల?” అన్నాడు, కీబోర్డు మీంచి కళ్లెత్తకుండా. తెర మీద పనికిరాని సరుకున్న ‘డి’ని వేలితో చూపిస్తూ, “ఈ డ్రైవ్” అన్నాను. అతను నా ఫొటోలన్నీ ఉన్న ఇంగ్లీషు ‘ఈ’ని తుడిచేశాడు.

“మీరే కదన్నా ‘ఈ’ అంటిరి!”

ఎమ్మిగనూరు నేతగాడు ఈరన్న మగ్గం ముందు కూర్చున్న ఫొటో అందులోనే ఉంది. నూలు తెస్తానని వెళ్లి ఆయన నాలుగేళ్లుగా తిరిగి రాలేదు. ఆయనకున్నది ఆ ఒక్క ఫొటోనే. ఆ ఉదయమే ఆయన భార్య నాగమ్మ ఫోన్ చేసింది. “అన్నా, ఆ పటం ఒకటి తీసి పంపియ్యి. ఆయప్ప మొగం మర్చిపోతాండాను.” పంపుతానన్నాను.

“పైపైన తుడిచినామన్నా. కొత్తగా ఏం రాయకుంటే లోపలే ఉంటుంది,” అన్నాడు ఖాజా. పోయిన ఫైళ్లు వెలికితీసే ఇద్దరికి ఆ డిస్కును చూపించాను. ‘ఈరన్న’ అని ఆ ఫొటోకు నేను పెట్టిన పేరు తిరిగొచ్చింది. తెరిస్తే బూడిదరంగు తప్ప ఏమీ లేదు.

నాగమ్మకు ఇంకా చెప్పలేదు.