కాలువ కింది మడిలో పవర్ టిల్లర్

1970 వానాకాలానికి ముందు నన్ను సూర్యాపేట నుంచి మిర్యాలగూడ పంపించారు. అప్పుడు నేను వ్యవసాయ శాఖ యంత్ర విభాగంలో సూపర్‌వైజర్ని. ఇంజనీరుకు కింద, మెకానిక్కుకు పైన ఉండే హోదా అది. సాగర్ ఎడమ కాలువ నీళ్లొచ్చి ఆ ప్రాంతంలో వరి పెరుగుతున్న రోజులు. కొత్తగా వచ్చిన ఒక పవర్ టిల్లర్‌ను ఇక్కడి నేలల్లో నడిపించి, పనితీరు మీద నివేదిక ఇవ్వడం నా పని.

పవర్ టిల్లర్ అంటే రెండు చక్రాల మీద ఒక డీజిల్ ఇంజను, వెనక మట్టిని తిరగేసే కత్తులు, పొడవాటి రెండు పిడులు. డ్రైవరు ఆ పిడులు పట్టుకుని వెనకాలే నడవాలి. మా నివేదిక బాగుంటేనే దాన్ని కొనడానికి రైతుకు బ్యాంకు అప్పు దొరికేది. మిర్యాలగూడలో రైసు మిల్లు ఉన్న వీరయ్య సేటు ఆ బండికి ఏజెన్సీ తీసుకున్నాడు. చాలామంది రైతులు ఆయన దగ్గర పేర్లు రాయించుకుని మా నివేదిక కోసం ఎదురుచూస్తున్నారు.

నిబంధన ప్రకారం ఒక మెట్ట నేలలో, నీళ్లు పెట్టిన ఒక తరి నేలలో నడిపి చూడాలి. మొదట పెన్‌పహాడ్ దగ్గర ఎర్ర చెలకలో దించాం. డీజిల్ ట్యాంకు అంచుదాకా నింపి మొదలుపెట్టి, పని అయ్యాక మళ్లీ అంచుదాకా పోస్తే ఎంత పట్టిందో అంతే ఖర్చు. దున్నిన లోతును ఇనుప స్కేలుతో కొలిచాను. బండి బాగా పనిచేసింది. ఎడ్లకు రోజు పట్టే చెలకను పొద్దెక్కకముందే ముగించింది.

తరి నేల పరీక్షకు సేటే తన మిల్లు వెనక మడి చూపించాడు. షామియానా వేయించి, కొబ్బరికాయ కొట్టించాడు. అక్కడా బండి ఆగకుండా తిరిగింది. జనం చప్పట్లు కొట్టారు. కాగితాల వరకు నా పని అయిపోయినట్టే.

అప్పుడు ఒకామె ముందుకొచ్చింది. పేరు సత్తెమ్మ. కాలువ కింద సొంతంగా సేద్యం చేసుకునే మనిషి. ఆమె కూడా టిల్లర్‌కు పేరు రాయించింది.

"సారూ, గీ మడి అడుగు రాయి లెక్కుంటది. మా మడి గిట్లుండదు. జర మా కాడికి వచ్చి సూడు. కోదాడ బేరగాడు ఎడ్ల కోసం వచ్చి ఇంటికాడ కూసున్నడు. ఎడ్లను అమ్మాల్నా, వద్దా? నువ్వే చెప్పు" అంది.

సేటు నవ్వుతూ అడ్డొచ్చాడు. "అక్కా, సర్కారు పరీక్ష ఖతమయింది. సారును పరేషాన్ చెయ్యకు."

ఆ మాట నిజమే. కానీ ఎడ్లు పోయాక బండి పనిచేయకపోతే ఆమెకు ఆ ఏడు నాటు వేయడం కుదరదు. మర్నాడు పొద్దున వస్తానని చెప్పాను.

ఆమె కింది మడి కాలువ కట్టను ఆనుకుని ఉంది. ఊట ఆగదు. మనిషి దిగితే మోకాలు దాటి కూరుకుపోతాడు. సేటు దగ్గర పనిచేసే డ్రైవరు సుబ్బారావు కోదాడ వైపువాడు. టైర్లు తీసి, బురదలో వాడే ఇనుప చక్రాలు బిగించాడు. బండి కొంచెం దూరం పోయి ముక్కు కిందికి వంచింది. చక్రాలు తిరుగుతున్నాయి గానీ బండి కదలదు. పిడులు పైకెత్తబోతే సుబ్బారావే తొడల దాకా దిగబడ్డాడు.

"అడుగున గట్టి తగలట్లేదండి. ఇంకా నడిపితే ఇంజనులోకి బురదెళ్లిపోద్ది" అని అరిచాడు.

ఇంజను ఆపించాను. చివరికి సత్తెమ్మ ఎడ్లనే తెచ్చి, మోకు కట్టి, బండిని ఒడ్డుకు లాగాల్సి వచ్చింది. గట్టు మీది జనం పగలబడి నవ్వారు. "సేటూ, బండి కొంటే ఎడ్లు గూడ ఇస్తవా?" అని ఎవరో అడిగారు.

సేటు తలపాగ తీసి గట్టు మీద కూలబడ్డాడు. "నా దుకాణం ముంచినవ్ సారూ" అన్నాడు మెల్లగా. నాకు జాలేసింది. ఆయన మోసగాడు కాడు. బండిని అలాంటి బురదలో ఆయనా ఎన్నడూ దించి చూడలేదు, అంతే.

ఈలోపు జనం మాట ఇంకోవైపు తిరిగింది. ఈ డబ్బా దేనికీ పనికిరాదు, పేర్లు కొట్టేయించుకుందాం అంటున్నారు. అదీ నిజం కాదు. బండిని కడిగించి, అదే మధ్యాహ్నం సత్తెమ్మ ఎగువ పొలంలో దించమన్నాను. అక్కడ నేల గట్టిది. బండి శుభ్రంగా దున్నింది. సత్తెమ్మ కొంగు బిగించి, తానే పిడులు పట్టుకుని ఒక చాలు నడిచింది.

"చేతులు తిమ్మిరెక్కినయి. గని పని మాత్రం మస్తుగైతది" అంది.

"అమ్మా, ఎగువ పొలానికి ఇది చాలు. కింది మడికి ఎడ్లు ఉండాల్సిందే" అన్నాను. ఆమె ఇంటికెళ్లి బేరగాణ్ణి ఉత్త చేతులతో పంపించింది. తర్వాత పక్క పొలం రైతుతో కలిసి ఒక టిల్లర్ కొనుక్కుంది.

నివేదికలో నాలుగు పొలాల సంగతీ రాశాను. సేటు సూర్యాపేట ఆఫీసుకు వచ్చి, కాలువ కింది మడి ముచ్చట తీసేయమన్నాడు. అది తీసేస్తే చెలక గురించి నేను రాసిన మంచి కూడా ఎవరూ నమ్మరన్నాను. కోపంగా వెళ్లిపోయి మా పై అధికారికి ఫిర్యాదు చేశాడు. అధికారి నన్ను పిలిచి, కళ్లారా చూశావా అని అడిగారు. చూశానంటే సంతకం పెట్టారు.

ఆ పంట కాలంలో సేటుకు బండ్లు పెద్దగా అమ్ముడుపోలేదు. మరుసటి ఏడు నుంచి కొనబోయేవాళ్ల పొలానికి ముందుగా సుబ్బారావును పంపి, కాలు ఎంత దిగుతుందో చూడమనేవాడు. లోతుగా దిగితే తానే వద్దనేవాడట. నాతో మాత్రం మళ్లీ మాట్లాడలేదు.

తర్వాత పంపుసెట్లు, స్ప్రేయర్లు, నూర్పిడి యంత్రాలు ఎన్నో పరీక్షించాను. అమ్మేవాడు చూపించిన చోట ఒకసారి, కొనేవాడు వాడబోయే చోట ఒకసారి నడిపి చూడకుండా దేని మీదా సంతకం పెట్టలేదు. ఫలానా యంత్రం మంచిదేనా అని ఎవరైనా అడిగితే, ముందు వాళ్ల నేల గురించి అడిగేవాణ్ణి.