నాలుగింటికే వచ్చిన కేటీ, పార్టీ పాటల సీడీ

చిన్నప్పుడు మా ఇంట్లో ఒకే ఒక్క ఇంగ్లీషు పాటల సీడీ ఉండేది...

కవర్ మీద ఎర్ర పికప్ ట్రక్, దాని నిండా గడ్డిమోపులు, వాటి మీద టోపీలు పెట్టుకుని నవ్వుతున్న మనుషులు. పైన పెద్ద అక్షరాల్లో ‘కంట్రీ పార్టీ పాటలు’ అని. నా పదో పుట్టినరోజుకి నాన్న గ్యాస్ స్టేషన్‌లో పెట్రోలు పోయించుకుంటూ కొనుక్కొచ్చారు.

"టెక్సాస్ పిల్లలొస్తారు కదమ్మా... వాళ్ళ పార్టీ పాటలే పెడదాం," అన్నారు.

పార్టీ అని రాసి ఉంటే పిల్లల పార్టీ అనుకున్నారు పాపం. తీరా వింటే అన్నీ బీరు, ట్రక్కు, శుక్రవారం సాయంత్రం...

"ఏమంటున్నాడే అతను?" అని వంటింట్లోంచి అడిగింది అమ్మ.

"శుక్రవారం వచ్చిందటమ్మా."

"మంచిదే," అంది అమ్మ. పాట మార్చమనలేదు.

అప్పటికి మేం విజయవాడ నుంచి టెక్సాస్‌లోని కాపెల్ వచ్చి ఏడాది కూడా కాలేదు. అక్కడ కాన్వెంట్‌లో చదివాను కాబట్టి ఇక్కడా కాన్వెంటే ఉండాలని నాన్న పట్టుబట్టి, సిస్టర్స్ నడిపే స్కూల్లో చేర్పించారు. మా అపార్ట్‌మెంట్ల తెలుగు పిల్లలంతా పసుపు బస్సెక్కి వేరే స్కూలుకి వెళ్ళేవాళ్ళు. నా క్లాసులో తెలుగు పిల్లని నేనొక్కదాన్నే. లంచ్ టైములో పుస్తకం తెరిచి పెట్టుకుని తినేదాన్ని... చదువుతున్నట్టు ఉంటే, ఒంటరిగా ఉన్నట్టు కనపడదు కదా.

అందుకే ఆ పుట్టినరోజు మీద నాకంత ఆశ. క్లాసులో అమ్మాయిలందరికీ కార్డులు ఇచ్చాను. ఒక్కరు... ఒక్కరొస్తే చాలనుకున్నాను.

కార్డు మీద ‘శనివారం నాలుగు గంటలకు’ అని అమ్మే రాయించింది. కేక్ కట్ చేసేది ఏడింటికి. "నాలుగంటే గానీ మనవాళ్ళు ఆరున్నరకైనా బయల్దేరరు," అనేది అమ్మ. మన ఇళ్ళల్లో ఈ లెక్క అందరికీ తెలిసిందే. అదే కార్డు నా క్లాసు పిల్లలకీ వెళ్ళింది...

శనివారం సరిగ్గా నాలుగింటికి బెల్ మోగింది.

నాన్న కేక్ తేవడానికి పక్క ఊరు ప్లేనో వెళ్ళారు. అమ్మ నైటీలో, చేతులకి గారెల పిండితో ఉంది. బెలూన్లు ఇంకా ప్యాకెట్‌లోనే ఉన్నాయి. తలుపు తీస్తే కేటీ... మా క్లాసులో కిటికీ పక్కన కూర్చునే అమ్మాయి. గౌను, దాని కింద కౌబాయ్ బూట్లు, రెండు చేతుల్తో పట్టుకున్న గిఫ్ట్. వెనక వాళ్ళమ్మ.

"ఆరింటికి వచ్చి తీసుకెళ్తాను," అందావిడ.

"ఓకే ఓకే," అని నవ్వింది అమ్మ. అలా కంగారులో అనేసింది.

కేటీ ఖాళీ హాలంతా చూసింది. "అందరికంటే ముందు నేనే వచ్చానా?" అంది.

ఇద్దరం సోఫాకి ఆ చివర ఒకరం, ఈ చివర ఒకరం...

"పాటలన్నా పెట్టవే! పాపం, ఆ పిల్ల బిక్కమొహం వేసుక్కూర్చుంది," అని అరిచింది అమ్మ తెలుగులో.

ప్లేయర్ నొక్కాను. మొదటి పాట మొదలవగానే కేటీ లేచి నిలబడింది.

"ఇది మా తాతయ్య ట్రక్‌లో ఉంటుంది! నీకు స్టెప్స్ వచ్చా?"

రావు అన్నట్టు తలూపాను. తను బూట్లు విప్పేసి నా పక్కన నిలబడింది. కుడికి, కుడికి, మడమ... ఎడమకి, ఎడమకి, తిరుగు. నేను ప్రతిసారీ తప్పు వైపు తిరిగి తనకే గుద్దుకునేదాన్ని. ఇద్దరం పడీ పడీ నవ్వేవాళ్ళం. అమ్మ చిల్లుగరిటె పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తోంది. చూస్తే, ఆవిడ మడమ కూడా కదులుతోంది.

తర్వాత ముగ్గురం కలిసి బెలూన్లు ఊదాం. ఇంకెవరూ రాలేదు. నాకు ఆ సంగతే గుర్తు రాలేదు.

ఆరింటికి మళ్ళీ బెల్. కేటీ వాళ్ళమ్మ.

"కేక్... కేక్ కమింగ్... ఫైవ్ మినిట్స్," అంది అమ్మ దాదాపు బతిమాలుతూ. నాన్న ఇంకా ట్రాఫిక్‌లోనే ఉన్నారు. వాళ్ళేమో తాతగారింటికి భోజనానికి వెళ్ళాలట. అమ్మ గబగబా ఫాయిల్‌లో గారెలు చుట్టి కేటీ చేతిలో పెట్టింది.

"మిగతా స్టెప్స్ తర్వాత నేర్పిస్తా," అంది కేటీ బూట్లు తొడుక్కుంటూ.

వాళ్ళ కారు వెళ్ళిన చాలాసేపటికి మనవాళ్ళు మొదలయ్యారు. "అరెరే, మేమే ముందొచ్చామా?" అంటూ నవ్వుకుంటూ వచ్చారు. ఓ ఆంటీ సోఫాలో కూర్చుంటూనే, "ఈ గోలేంటమ్మా... మన పాటలు పెట్టు," అంది. సీడీ తీసి కవర్‌లో పెట్టేశాను. ఇల్లు నిండిపోయింది. అందరూ చప్పట్లు కొడుతుంటే కేక్ కట్ చేశాను. నా పక్కన కాస్త చోటు వదిలి నిలబడ్డాను... ఎందుకో.

గులాబీ పువ్వున్న ముక్క కేటీకని దాచి, సోమవారం లంచ్ బాక్స్‌లో తీసుకెళ్ళాను. తను ఎప్పట్లాగే తన ఫ్రెండ్స్ మధ్య కూర్చుని ఉంది. నన్ను చూసి చెయ్యి ఊపింది. నేనూ ఊపాను. ఆ బల్ల దగ్గర ఖాళీ కుర్చీ లేదు. నిలబడి పిలిచే ధైర్యం నాకు లేదు. కేక్ నేనే తిన్నాను, పుస్తకం తెరిచి పెట్టుకుని.

ఆ వేసవిలో కేటీ వాళ్ళు హ్యూస్టన్ వెళ్ళిపోయారు.

ఇప్పుడు కాపెల్‌కి దగ్గర్లోనే, ఫ్రిస్కోలో ఒక్కదాన్నే ఉంటున్నాను. ఆ సీడీ నా పుస్తకాల షెల్ఫ్‌లో ఉంది. పెట్టుకుందామంటే కార్‌లోనూ లేదు, ల్యాప్‌టాప్‌లోనూ లేదు, దానికి చోటు. స్టెప్స్ సగం వరకే వచ్చు...

ఎవరైనా పుట్టినరోజుకి పిలిస్తే మాత్రం చెప్పిన టైముకే వెళ్తాను. "అయ్యో, అప్పుడే వచ్చేశావా!" అంటారు తడి తలతో తలుపు తీసి. పర్లేదంటాను. ఇంట్లో పాపో బాబో ఖాళీ హాల్లో కొత్త బట్టలతో కూర్చుని ఉంటారు. వాళ్ళ పక్కన కూర్చుని బెలూన్లు ఊదుతాను. జనం నిండాక, కేక్ రాకముందే, మెల్లిగా వచ్చేస్తాను.

మీ చిన్నప్పటి పుట్టినరోజుకి అందరికంటే ముందు వచ్చిందెవరు? గుర్తుంటే వాళ్ళ పేరు ఇక్కడ రాయండి... ఊరికే, చదువుకోవాలనుంది.